రియాక్టివ్ అని రాసిన చీటీ

మా అక్కకు ఒంట్లో రక్తం నిలవదు. ఆమె జబ్బుకు మా ఇంట్లో ఉన్న పేరు అదే. డాక్టర్లు తర్వాత పెట్టిన పేరు మా అమ్మకు నోరు తిరగలేదు, నాయన అసలు ప్రయత్నించలేదు. టేకులపల్లికి కాస్త ఎడంగా, అడవి అంచున మాకు కొంచెం మెట్ట చెలక, ఒక పెంకుటిల్లు ఉండేవి. అక్కకు పదహారేళ్లప్పుడు, నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు ఆమె కళ్లు పసుపుపచ్చగా కనిపించాయి. మనిషి పాలిపోయింది. బిందె ఎత్తితే ఆయాసం.

కామెర్లన్నారు. మణికట్టు మీద వాతలు పెట్టించారు. రెండు నెలలు మజ్జిగ కలిపిన సల్లన్నం తప్ప వేరే మెతుకు ముట్టనివ్వలేదు. తగ్గకపోతే దుమ్ముగూడెం అవతల, గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఆకు పసరు పోసే ముసలాయన ఉన్నాడని తీసుకుపోయారు. అమ్మ ఒక నెల తోడుండి, మిరపతోట పనులు మీదపడి వచ్చేసింది. ఇంకో మూడు నెలలు అక్క ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. ముసలాయన భార్య తన పక్కనే పడుకోబెట్టుకునేదట. ఈ మూడు నెలల ముచ్చటను తర్వాత నేను ఎంత నీచంగా వాడుకున్నానో చెప్పాలి కనుక ఇక్కడే రాసి పెడుతున్నాను.

పసరుతో తగ్గలేదు. చివరికి వరంగల్‌లో ఒక పెద్ద డాక్టరు, ఇవి కామెర్లు కావని తేల్చాడు. ఆమె శరీరం తన రక్తకణాలనే పగవాళ్లనుకుని విరగ్గొట్టుకుంటోందని, జీవితాంతం జాగ్రత్తగా ఉండాలని, రక్తం మరీ తగ్గితే ప్రాణం మీదికొస్తుందని చెప్పి చిన్న తెల్లమాత్రలు రాశాడు. అవి వేసుకుంటే అక్క ముఖం ఉబ్బేది. బూరెమొహం అని నేనే ఏడిపించేదాన్ని. ఆపితే చిగుళ్ల నుంచి నెత్తురు కారేది, తొడల మీద, జబ్బల మీద ఎవరో గిల్లినట్టు నీలం మచ్చలు లేచేవి. అయినా మాత్రలతో నాలుగేళ్లు నెట్టుకొచ్చింది. ఇరవయ్యో ఏట పెళ్లయింది.

బావ వాళ్లది కల్లూరు దగ్గర పల్లె. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొన్నారు. కాలువ కింద వరి, పెద్ద ఇల్లు, ఇంటి నిండా స్టీలు సామాను. చిన్నప్పుడు కామెర్లొచ్చి తగ్గాయని మావాళ్లు చెప్పారు, వాళ్లు సరేనన్నారు. బావ మంచివాడు. మంచివాళ్లలో ఎంత పిరికితనం ఉంటుందో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

ఆరేళ్లలో అక్కకు రెండు కడుపులు పోయాయి. రెండూ అయిదో నెలలోనే. మూడోది నిలిచిందని తెలిసినప్పుడు ఎనభైల చివర. నేను ఖమ్మంలో డిగ్రీ రెండో సంవత్సరం, ఇద్దరమ్మాయిలతో కలిసి గది కిరాయికి తీసుకుని ఉన్నాను. ఈసారి ఖమ్మంలోనే ఒక లేడీ డాక్టరుకు చూపించాలనుకున్నారు. బావ కల్లూరు నుంచి బస్సులో అక్కను తీసుకొచ్చేవాడు, నేను వాళ్లతో వెళ్లేదాన్ని. ఇంగ్లీషు చదవగలిగింది మా రెండిళ్లలో నేనొక్కదాన్నే. అరకొర తెలివితోనే జువాలజీ చదువుతున్నా, రిపోర్టు చేతికిచ్చి అందరూ నా మొహంలోకి చూస్తుంటే కొంచెం గర్వంగానే ఉండేది.

రెండోసారి వెళ్లినప్పుడు కడుపుతో ఉన్నవాళ్లకు చేసే మామూలు రక్తపరీక్షలన్నీ రాశారు. సాయంత్రం రిపోర్టులు తేవడానికి నేనే ల్యాబుకు వెళ్లాను. అక్కడ పనిచేసే ఆయన మూడు కాగితాలు మామూలుగా ఇచ్చి, నాలుగోదాన్ని అంచు మీద రెండు వేళ్లతో పట్టుకుని బల్ల మీద పెట్టాడు. నా చేతికి ఇవ్వలేదు. వీడీఆర్ఎల్ అని పైన, రియాక్టివ్ అని కింద.

"పేషెంటు నీకేమైతది?" అన్నాడు.

"అక్క."

"డాక్టరమ్మకు చూపియ్యి." నా కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసి, లోపలికి పోయి చేతులు కడుక్కున్నాడు. నీళ్ల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. కాగితాన్ని ముట్టినందుకు చేతులు కడుక్కున్నాడు ఆ పెద్దమనిషి.

ఆ పరీక్ష దేనికోసమో మా క్లాసు పుస్తకంలోనే ఉంది. సిఫిలిస్. మనవాళ్లు సుఖరోగం అంటారు. ఆ మాట కనిపెట్టినవాడికి ఏం సుఖం కనిపించిందో నాకు తెలియదు.

డాక్టరమ్మ అక్కను బయట బల్ల మీద కూర్చోబెట్టి, బావనూ నన్నూ లోపలికి పిలిచింది. రోగం అక్కది, రిపోర్టు అక్కది, మాట్లాడింది మాత్రం మాతో. గొంతు తగ్గించి, "మీకు బయట తిరిగే అలవాటేమైనా ఉందా?" అని బావను అడిగింది. ఆయన మెడ ఎర్రబడింది. లేదన్నాడు. దేవుడి మీద ఒట్టన్నాడు. అయితే మీరూ పరీక్ష చేయించుకోవాలంది. చేయించుకున్నాడు. రెండురోజుల తర్వాత ఆయనది శుభ్రంగా వచ్చింది, ఏమీ లేదని.

అదీ జరిగిన అసలు ఘోరం. బావకు కూడా ఉందని వచ్చి ఉంటే మగవాడు కదా, ఏదో పొరపాటు చేశాడులే అని రెండిళ్లూ కలిసి మూడు సూదులతో కడిగేసుకునేవి. ఆయనకు లేదు. ఆమెకు ఉంది. ఇక ఎవరూ ఏ మాటా అనవలసిన పని లేకుండా పోయింది. క్లినిక్కు ముందు వేపచెట్టు కింద నిలబడి బావ ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది మా ఇంట్లో ఉండకూడదు. నువ్వే ఏదో ఒకటి చేసెయ్" అన్నాడు.

వారానికొకటి చొప్పున మూడు వారాలు అక్కకు సూదులు పొడిపించారు. సూది పొడిచినచోట అరచేయంత నల్లబడేది. "ఏంది సూదులు ఇవి?" అని అక్క నన్నడిగింది.

"బలానికక్కా."

"గింత నొప్పి బలానికా?" అని నవ్వింది. నేను నవ్వలేదు.

చీటీని నేను చింపలేదు. జువాలజీ రికార్డు బుక్కులో, కప్ప నాడీమండలం బొమ్మ వేసిన పేజీలో దాచాను. ఎందుకు దాచావని అడిగితే అప్పట్లో ఏదో చెప్పేదాన్నేమో. ఇప్పుడు అబద్ధమాడి ఎవరిని ఉద్ధరించాలి? రేపు అక్క గురించి ఎవరైనా ఏమైనా అంటే, మావైపు తప్పు లేదని ఎవరైనా వాదిస్తే, నా దగ్గర రుజువు ఉండాలనుకున్నాను. అక్కకు వ్యతిరేకంగా రుజువు. ఛీ, రాస్తుంటేనే రోతగా ఉంది.

నేను నమ్మాను. అందరికంటే ముందు నేనే నమ్మాను. నాకు సైన్సు తెలుసు కదా, పరీక్షలు అబద్ధం చెప్పవు కదా. అక్క గడప దాటని మనిషని తెలుసు. పెళ్లయ్యాక ఒంటరిగా బస్సు కూడా ఎక్కలేదని తెలుసు. మరి ఎక్కడ అంటుకుని ఉంటుంది? నా బుర్ర వెనక్కి వెనక్కి పోయి దుమ్ముగూడెం అవతలి ఆ ఇంట్లో ఆగింది. తొమ్మిదేళ్లప్పుడు ఒక్కసారి చూసిన ఇల్లు. చేతులు వణికే ముసలాయన, మాకు తునికిపండ్లు పెట్టిన ఆయన భార్య, పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడని ఇద్దరు కొడుకులు. వాళ్ల భాష మాకు రాదు, మా భాష వాళ్లకు సగమే వచ్చు. అడవిలో వాళ్ల గురించి ఊళ్లలో వాళ్లం ఏమేం అనుకుంటామో అవన్నీ తీసి ఆ కొడుకుల నెత్తిన పెట్టాను. కాలేజీ గదిలో కూర్చుని, అక్కకు పదహారేళ్ల వయసులో జరగనిదంతా జరిగినట్టు ఒక్కొక్కటే ఊహించుకున్నాను. ఒక పైసా ఆశించకుండా మూడు నెలలు మా పిల్లకు తిండి పెట్టిన మనుషులు వాళ్లు.

బావ వాళ్లమ్మతో చెప్పాడు. చెప్పకుండా ఎలా ఉంటాడు. ఆమె నోరు పారేసుకునే రకం కాదు, అదింకా అన్యాయం. అక్కను ఒక్క మాటా అనలేదు. "ఒంట్లో బాగోలేదు కదమ్మా, నీకు విడిగా అయితే హాయిగా ఉంటుంది" అని పశువుల కొట్టం పక్క గదిలో మంచం వేయించింది. కంచం, చెంబు, సబ్బు, బకెట్టు అన్నీ వేరు. పనిమనిషికి అక్క బట్టలు వేయొద్దంది. ఆ గదిలోనే అయిదో నెలలో మూడో కడుపూ పోయింది. పోయిన మూడోరోజు బావ జీపులో అక్కను టేకులపల్లి తెచ్చి దించాడు. ట్రంకుపెట్టె దించాడు. తర్వాత ఆమె పడుకున్న చాప, తలకింద దిండు కూడా దించాడు. ఆ దిండును చూసి మా అమ్మ, "అల్లుడు ఎంత జాగ్రత్త చేసిండో సూడు, మెత్త గూడ పంపిండు" అంది. బావ మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఎండాకాలం సెలవులు. నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మకు, నాయనకు చీటీ సంగతి తెలియదు, చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని అత్తగారు వదిలిన చోటు నుంచి ఆ పనిని నేను మొదలుపెట్టాను. అక్కకు గ్లాసు వేరు పెట్టాను. బాలింతకు ఇన్ఫెక్షను భయం, పుస్తకంలో ఉంది అని అమ్మకు చెప్పాను. అమ్మ నా చదువు చూసి మురిసిపోయింది. అక్క మంచం మీద కూర్చోవడం మానేసి స్టూలు తెచ్చుకునేదాన్ని. ఆమె బట్టలు పెద్ద గిన్నెలో మరిగించి, కర్రతో ఎత్తి ఆరేసేదాన్ని.

ఒకరోజు అలా కర్ర చివర అక్క లంగా వేలాడదీసుకుని దండెం దగ్గరికి వెళుతుంటే ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"చేత్తోని పట్టుకుంటే ఏమైతదే?" అంది.

"మరిగే నీళ్లు గదక్కా, చెయ్యి కాలుతది."

దండెం మీద అప్పటికే చల్లారి ఆరిన జాకెట్టు ఉంది. దాన్ని కూడా నేను కర్రతోనే తీయడం ఆమె చూసింది. లోపలికి పోయి పడుకుంది. ఆ తర్వాత మూడురోజులు తన గ్లాసు తనే కడుక్కుంది.

నాలుగోరోజు అక్క ఎడమకాలు పిక్క దగ్గర బిగుసుకుంది. సాయంత్రానికి తొడ దాకా ఉబ్బింది. కుడికాలు పక్కన పెట్టి చూస్తే వేరే మనిషి కాలులాగా ఉంది. ముట్టుకుంటే వేడి. ముట్టుకున్నది అమ్మ. నేను చూసి చెప్పానంతే.

"వాతం గుంజింది. పచ్చి బాలింత గదా, గాలి సొచ్చింది" అంది అమ్మ. మా చుట్టుపక్కల అయిదారు ఊళ్లకు కాళ్లు తోమే ఒక పెద్దావిడ ఉండేది. విరిగిన చేతులు కట్టడం, బెణికిన మెడలు తిప్పడం, బాలింతలకు ఒళ్లు తోమడం, అన్నీ ఆమే. మంచి పనిమంతురాలు, అందులో అబద్ధం లేదు. ఆమె వచ్చి వావిలాకు మరిగించి కాపడం పెట్టి, ఆముదం రాసి, మడమ దగ్గర మొదలుపెట్టి అరచేతి మొదటితో తొడ దాకా నెత్తురు పైకి తోస్తున్నట్టు తోమింది. "గడ్డ గట్టింది బిడ్డా, కరిగియ్యాలె" అంటూ తోమింది. పాపం ఆమెకు చేతి కింద గడ్డ నిజంగానే తగిలింది. అక్క తువ్వాలు నోట్లో కుక్కుకుని పళ్లు బిగబట్టింది. రోజుకు రెండుసార్లు చొప్పున మూడురోజులు తోమారు. ఆ మూడురోజులూ నేను స్టూలు మీద కూర్చుని ఆముదం గిన్నె అందించాను. ముట్టుకునే పని వేరేవాళ్లకు పడింది కదా అని లోపల నాకు హాయిగానే ఉంది.

మూడోరోజు పొద్దున తోమడం అయ్యాక అక్క లేచి కూర్చోబోయి, రొమ్ము పట్టుకుని ఆగిపోయింది. ఊపిరి సగం దాకా పోయి అక్కడే ఆగినట్టు, మళ్లీ మళ్లీ చిన్న చిన్నగా పీల్చుకుంది. దగ్గితే తెమడలో ఎర్రటి చార. పెదాలు నల్లబడ్డాయి. తోమే ఆవిడ భయపడి చేతులు తుడుచుకుంది. నాయన ఊళ్లో ఒక జీపు మాట్లాడుకొచ్చాడు.

"కొత్తగూడెం పోదాం, దగ్గర" అన్నాడు నాయన.

కొత్తగూడెం దవాఖానాలో మా పెద్దమ్మ కొడుకు కాంపౌండరు. రక్తం పరీక్ష చేస్తే వాడి చేతికే వస్తుంది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఖమ్మం పోతే ఆ లేడీ డాక్టరు, ఆ ల్యాబు. అంత ఆయాసంలో అక్క అమ్మ ఒళ్లో తల పెట్టుకుని కొట్టుకుంటుంటే నా మనసు చేసిన లెక్క ఇదీ.

"భద్రాచలంల కొత్త డాక్టరొచ్చిండంట నాయనా. గిసొంటి కేసులు మస్తు బాగ చేస్తడంట" అన్నాను. నాకు ఏ డాక్టరు గురించీ తెలియదు. అప్పటికప్పుడు పుట్టించాను. చదువుకున్న బిడ్డ చెప్పిందని నాయన నమ్మాడు.

కొత్తగూడెం దవాఖానా గేటు ముందు నుంచే వెళ్లాం. జీపు అక్కడ నెమ్మదించింది, అడ్డంగా బొగ్గు లారీలు నిలబడి ఉన్నాయి. అమ్మ, "ఈడనే ఆపుదాం, పిల్ల ఆగేటట్టు లేదు" అంది. నేను డ్రైవరు వెనక నుంచి, "పోనీ అన్నా, జల్దీ పోనీ" అన్నాను. అక్క కళ్లు తెరిచి ఉన్నాయి. గేటునూ చూసింది, నన్నూ చూసింది. పాల్వంచ, ఆ అడవి రోడ్డు, గోదావరి బ్రిడ్జి. ఇంకో గంట. ఆ గంటలో ఆమె పోయి ఉంటే ఈ కథ నేను ఎవరికీ చెప్పి ఉండను, బతికి ఉండేదాన్నో లేదో కూడా తెలియదు.

భద్రాచలంలో నిజంగానే ఒక డాక్టరు ఉన్నాడు. అంతవరకు నా అదృష్టం. సన్నగా, చొక్కా చేతులు మడిచి, నిద్ర చాలని ముఖంతో ఉన్నాడు. ఇక్కడి మనిషి కాదు, మాట తేడాగా ఉంది. అక్క కళ్లు, చిగుళ్లు, మచ్చలు చూశాడు. టేపు తెచ్చి రెండు తొడలూ కొలిచాడు. తర్వాత కాలి మీద ఆముదం జిడ్డు వేలితో తాకి, "ఎవరైనా తోమారా?" అన్నాడు.

"మూడొద్దులు తోమిచ్చినం సారూ" అంది అమ్మ, ఏ లోటూ చెయ్యలేదన్నట్టు.

ఆ కాలును ఇక ఎవరూ ముట్టకూడదన్నాడు ఆయన. అక్కకు ఆక్సిజన్ పెట్టించి, మమ్మల్ని మంచం పక్కనే నిలబెట్టి విషయం చెప్పాడు. కాలి నరంలో రక్తం గడ్డకట్టి, అందులో ఒక ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోయిందని అనుమానం. అదే అయితే రక్తం గడ్డకట్టకుండా చేసే సూది వెంటనే పడాలి, ఇంకో ముక్క తెగితే మనిషి దక్కదు.

"కానీ ఈమెకు చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. ఒళ్లంతా మచ్చలు. ఇది గడ్డ కాకుండా ఊపిరితిత్తుల్లో చీము లాంటిదేదైనా అయి, నేను ఆ సూది ఇస్తే తలలో రక్తం చిమ్మి పోతుంది. తేల్చుకునే యంత్రాలు నా దగ్గర లేవు. పాత కాగితాలేమైనా ఉన్నాయా?"

నాయన వరంగల్ చీటీలు ఇచ్చాడు. ఆయన చదివాడు. కడుపులు ఎన్ని పోయాయన్నాడు. మూడు అంది అమ్మ. ఎన్నో నెలలో అన్నాడు. మూడూ అయిదో నెల అంది. ఆయన చదువుతున్న కాగితం దించాడు. నా వైపు తిరిగాడు, సంచీ భుజాన వేసుకుని చదువుకున్నదానిలా కనిపించింది నేనే కదా.

"కడుపుతో ఉన్నప్పుడు వీడీఆర్ఎల్ అని ఒక రక్తపరీక్ష చేస్తారమ్మా. చేశారా?"

చీటీ ఆ సంచీలోనే ఉంది. నేను లేనప్పుడు ఇంట్లో ఎవరైనా రికార్డు బుక్కు తీస్తారేమోనని బయల్దేరేముందు సంచీలో వేసుకున్నాను.

"లేదు సార్" అన్నాను.

"మూడుసార్లలో ఒక్కసారీ చేయలేదా? గుర్తు తెచ్చుకో. చాలా అవసరం."

పక్కన అమ్మ ఉంది, నాయన ఉన్నాడు, పక్కమంచం వాళ్లు చెవులు ఇటే వేశారు. అక్క ఊపిరి కోసం మెడనరాలు తేలుతున్నాయి. నేను ఆయన మొహంలోకి చూస్తూ రెండోసారి చెప్పాను. "చెయ్యలేదు సార్."

అప్పుడు అక్క మొహం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసింది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి.

"చేసిండ్రు. ఉన్నదని వచ్చింది. చెడ్డ రోగమని. మా ఆయనకు లేదని వచ్చింది." కొంచెం ఆగింది. "చీటీ దాని సంచిల ఉన్నది."

అత్తగారింట్లో గోడ అవతలి మాటలు ఆమె వినే ఉంది, బయల్దేరేముందు నేను చీటీ సంచీలో వేసుకోవడమూ చూసింది. అమ్మకు అర్థం కాలేదు. నాయనకు అయింది, గోడ వైపు తిరిగాడు. నేను సంచీ తెరిచి రికార్డు బుక్కు తీసి చీటీ ఇచ్చాను. చెయ్యి వణికిందని గొప్పలు చెప్పను, వణకలేదు. ఆయన చీటీని రెండు చేతులతో తీసుకున్నాడు. ముక్కు చిట్లించలేదు. చదివి, సిస్టరును పిలిచి సూది సిద్ధం చేయమన్నాడు. అంతసేపూ ఊగిసలాడిన మనిషి ఇక ఆలోచించలేదు.

మర్నాటికి ఊపిరి కొంచెం నిమ్మళించింది. మూడోరోజు మాట వచ్చింది. ఆమె నుంచి తీసిన రక్తం హైదరాబాదు పంపారు, రెండు వారాలకు అక్కడి నుంచి కబురు వచ్చింది. డాక్టరు అనుకున్నదే నిజమయింది. బావను పిలిపించి, అక్క మంచం పక్కనే, అక్కతోనే మాట్లాడుతూ అందరికీ చెప్పాడాయన.

"బయటి క్రిముల్ని పట్టుకోవడానికి ఒంట్లో యాంటీబాడీలని తయారవుతాయమ్మా. నీ ఒళ్లు పొరబడి నీ మీదే వాటిని తయారు చేస్తోంది. ఒకరకం నీ రక్తకణాలను విరగ్గొడుతోంది, అది నీకు పాత జబ్బు. ఇంకోరకం ఉంది, అది రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. కాలిలో అదే, కడుపులు పోవడమూ దాదాపు అందుకే, బిడ్డకు రక్తం అందించే మాయలో గడ్డలు కడతాయి. ఆ పరీక్షకు వాడే మందులో ఎద్దు గుండె నుంచి తీసిన కొవ్వు ఉంటుంది. సుఖరోగం ఉన్నవాళ్ల రక్తం దాన్ని పట్టుకుంటుంది. ఈ రెండోరకం యాంటీబాడీ ఉన్నా పట్టుకుంటుంది. నీకు ఆ రోగం లేదు. ఏనాడూ లేదు. అది తేల్చే పరీక్ష వేరే ఉంది, అదీ చేయించాను. నిజానికి ఆ చీటీ చూసిన రోజే ఎవరైనా ఇంకొంచెం ఆలోచించి ఉంటే కాలు ఇంతదాకా వచ్చేది కాదు."

ఎద్దు గుండె కొవ్వు. మా రెండిళ్ల పరువు ఇన్ని నెలలు దాని మీద తేలింది. మంచం వేరు చేసి, కంచం వేరు చేసి, దిండు జీపెక్కించారు. బావ వరండాలోకి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఎందుకో ఆ ఏడుపు చూస్తే నాకు జాలి కలగలేదు. తర్వాతి వారం అత్తగారు బత్తాయిలు పట్టుకొచ్చింది. మంచం అంచున కూర్చుని అక్క తల నిమిరి, "మేమేమన్నామమ్మా నిన్ను? ఒక్క మాటన్నా అన్నామా?" అంది. అక్షరాలా నిజం. ఒక్క మాట కూడా అనలేదు. అత్తగారికి బత్తాయి వలిచి చేతిలో పెట్టింది నేనే.

వాళ్లు వెళ్లాక మధ్యాహ్నం వార్డులో సందడి తగ్గింది. అమ్మ బట్టలు ఉతకడానికి పోయింది. నేను అలవాటుగా స్టూలు మీద కూర్చుని జావ చల్లారబెడుతున్నాను. అక్క కప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది.

"వాళ్లు అనుకున్నరంటే అనుకున్నరు" అంది. "పరాయోళ్లు. నువ్వు గూడ అనుకున్నవా చెల్లె?"

జావలో చెంచా ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగింది.

"లేదక్కా" అన్నాను. "నేనెందుకు అనుకుంట?"

అక్క తల ఇటు తిప్పి నన్ను చూసింది.

"ఆ పొద్దు డాక్టరుకు గూడ గిట్లనే చెప్పినవ్. రెప్ప కొట్టకుండ."

అని, రెండు చేతులతో ఉబ్బిన కాలు ఎత్తి గోడ వైపు జరుపుకుని, మంచం మీద నాకు చోటు చేసింది.